గుడిబండ దారికి ఏ రోడ్‌బుక్? ట్రాక్, రూట్, మలుపుల పట్టికల మధ్య ఎంపిక

ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు హెబ్బాళ దగ్గర కలుసుకొని సైకిళ్ల మీద ఉత్తరానికి బయలుదేరే మా బృందంలో నలుగురం తెలుగువాళ్లం. ఒకసారి గుడిబండ కోటకు వెళ్లడానికి ఒకే జీపీఎక్స్ ఫైలును, అంటే దారి వివరాలు దాచే ఫైలును, నలుగురమూ ఎవరి ఫోన్లోకి వాళ్లం ఎక్కించుకున్నాము. చిక్కబళ్లాపురం దాటి పెరేసంద్ర దగ్గర జాతీయ రహదారిని వదలవలసిన చోటికి వచ్చేసరికి ఒక ఫోను ఎడమకు తిరగమన్నది, ఇంకొకటి నేరుగా బాగేపల్లి వైపు పొమ్మన్నది, మూడోదాని తెర మీద ఎర్ర గీత కనిపించిందే తప్ప ఒక్క మాటా వినిపించలేదు, నాలుగోది దారికి బదులు ఆరు చుక్కలను మాత్రమే చూపించింది. ఫైలులో తప్పేమీ లేదు. జీపీఎక్స్ అనే పెట్టెలో మూడు వేర్వేరు వస్తువులు పడతాయి. ఒక్కో యాప్ తనకు తెలిసిన వస్తువును బయటకు తీసి చూపించింది, అంతే.

ఆ మూడింటిలో మొదటిది ట్రాక్, అంటే ఎవరో నడిచిన లేదా గీసిన దారిని వందల, వేల బిందువులుగా వరుసలో పేర్చిన గీత. రెండోది రూట్, అంటే బయలుదేరే చోటు, చేరే చోటు, నడుమ కొన్ని మజిలీలు మాత్రమే ఇచ్చి వాటి మధ్య దారిని వెతికే పనిని పరికరానికి అప్పగించేది. మూడోది వేపాయింట్, అంటే పేరు, వివరణ తగిలించిన ఒంటరి బిందువు. 2004లో వచ్చిన జీపీఎక్స్ 1.1 నమూనాలో ఈ మూడూ పక్కపక్కనే ఉండగలవు, కాని ఒకదానికొకటి కట్టుబడి ఉండవు. రోడ్‌బుక్ అని మనం పిలిచేది వీటిని ఒక క్రమంలో ముడివేసి, ఎంత దూరం వచ్చాక ఏ మలుపులో ఏం చేయాలో చెప్పే పత్రం.

అందుచేత ఏ యాప్ మంచిది, ఏ పరికరం కొనాలి అన్న ప్రశ్నలకు ముందు, దారి చెప్పే బాధ్యతను గీతకు ఇస్తామా, యంత్రానికి ఇస్తామా, రాతకు ఇస్తామా అన్నది తేల్చుకోవాలి. ఆ నిర్ణయం కుదిరితే మిగిలిన రెండూ చాలావరకు వాటంతట అవే కుదురుతాయి. నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను: బెంగళూరు చుట్టూ ఉన్న పల్లెబాటలకు, కొండలకు, గీత మీద చేతితో రాసిన మలుపుల గుర్తులు చేర్చిన తేలికపాటి రోడ్‌బుక్‌ను మించినది నాకు కనిపించలేదు. ఎందుకో వివరిస్తాను.

గీత బలం, గీత బలహీనత

ట్రాక్‌లో ఉన్న గొప్ప సుగుణం అది మారకపోవడం. ఏ పరికరంలో తెరిచినా అదే గీత కనిపిస్తుంది, పటంలో లేని కాలిబాట మీద కూడా పనిచేస్తుంది, నెట్‌వర్క్ అవసరం లేదు. ఆకాశం తెరిపిగా ఉన్న చోట మామూలు ఫోను కూడా సుమారు 5 మీటర్ల తేడాలో మన స్థానాన్ని పట్టుకుంటుంది కాబట్టి, బయలు ప్రదేశంలో గీతను కనిపెట్టుకొని నడవడం కష్టమేమీ కాదు.

అయితే గీతకు నోరు లేదు. జాతీయ రహదారి మీద ఫ్లైఓవర్, దాని పక్కన సర్వీస్ రోడ్డు రెండూ పటం మీద దాదాపు ఒకే గీతగా కనిపిస్తాయి. గీత మీదే ఉన్నామని నమ్మి ఫ్లైఓవర్ ఎక్కేసిన మనిషికి తాను తిరగవలసిన ఊరు కింద వెనకబడిపోయిందన్న సంగతి అవతల దిగాక గాని తెలియదు. రెండో లోపం గీతలోని బిందువుల సంఖ్య. ఫైలు చిన్నదిగా ఉండాలని 100 కిలోమీటర్ల దారిని 500 బిందువులకు కుదిస్తే సగటున 200 మీటర్లకు ఒక బిందువు మిగులుతుంది. రహదారి మీద అది చాలు. మలుపులు దట్టంగా ఉన్న ఊరి సందుల్లో మాత్రం గీత ఇళ్లమీదుగా, రాగి చేలమీదుగా అడ్డంగా పోతుంది, పరికరమేమో మీరు దారి తప్పారని అదేపనిగా కూస్తూ ఉంటుంది. ఎవరైనా పంపిన ఫైలును బయలుదేరే ముందు పెద్ద తెర మీద తెరిచి, మలుపుల దగ్గర దగ్గరగా జరిపి చూస్తే ఈ లోపం నిమిషంలో బయటపడుతుంది.

మూడోది మరింత లోతైనది. గీత ఒకానొక రోజు నాటి నిజం. ఒక ఏప్రిల్‌లో నేను స్వయంగా నమోదు చేసిన ట్రాక్‌నే ఆ నవంబరులో మళ్లీ అనుసరించాను. వేసవిలో నేను అడ్డంగా దాటి వచ్చింది ఎండిన చెరువు గర్భమని అప్పుడు గమనించనే లేదు. వానల తర్వాత అక్కడ అలుగు దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆరుగురం వెనక్కి తిరిగి, మూడు కిలోమీటర్లు చుట్టి, కట్ట మీదుగా అవతలి గట్టుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఇలాంటి చెరువులు అడుగడుగునా ఉంటాయి కనుక, ఫైలు పేరులో తేదీ, కనీసం నెల, ఉండాలన్నది అప్పటినుంచి నేను తప్పకుండా పాటించే నియమం.

మనుషులు చేసే మార్పులు కూడా ఇటువంటివే. బెంగళూరు–మైసూరు వేగ రహదారి ప్రధాన మార్గం మీద 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలను, ఆటోలను, ట్రాక్టర్లను నిషేధించారు. అంతకుముందు ఏ మోటార్‌సైకిల్ మీదో నమోదైన రామనగర ట్రాక్‌ను ఇవాళ దించుకుంటే, ఆ గీత మిమ్మల్ని నిస్సంకోచంగా నిషేధిత మార్గం మీదికి తీసుకుపోతుంది.

రూట్: నగరంలో నమ్మకస్తుడు, పొలిమేర దాటాక కాదు

రూట్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు మనందరం వాడేది అదే. రోడ్లు మూసినా, రద్దీ పెరిగినా తనంతట తాను కొత్త దారి వెతుకుతుంది, మలుపుకు ముందే చెబుతుంది. ఫైలు తయారుచేసినవారి పటమూ అనుసరించేవారి పటమూ ఒకటి కానప్పుడే చిక్కంతా వస్తుంది: మజిలీలు అవే అయినా మధ్యలోని దారి మారిపోతుంది. పెరేసంద్ర దగ్గర రెండు ఫోన్లు రెండు దిక్కులు చూపడానికి కారణం ఇదే. పైగా ఒక మలుపు తప్పగానే తిరిగి లెక్కగట్టే అలవాటు ఉన్న పరికరం, మనం ఏరికోరి ఎంచుకున్న చెట్లనీడ బాటను వదిలేసి అతి తక్కువ సమయంలో చేర్చే రహదారికి మనల్ని లాక్కుపోతుంది. ఆ అలవాటును సెట్టింగులలో ఆపివేయవచ్చు. విహారానికి బయలుదేరే ముందు ఆపివేయడమే మంచిది.

గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకునేవారికి రెండు హెచ్చరికలు. దాని ఫోన్ యాప్ బయటి ట్రాక్‌ను తీసుకొని ఆ గీత వెంట దారి చెప్పదు. పటాన్ని ముందే దించుకున్నా, నెట్‌వర్క్ లేనప్పుడు కారు దారులు చెబుతుందే తప్ప నడకకు, సైకిలుకు చెప్పదు. నగరం దాటే వరకు దాన్ని వాడుకొని, ఆ తర్వాత వేరే యాప్‌కు మారడం తెలివైన పని.

మలుపుల పట్టిక అనే అసలు రోడ్‌బుక్

మోటార్ ర్యాలీలలో పుట్టి పెరిగిన రోడ్‌బుక్‌లో పటమే ఉండదు. ఒక్కో వరుసలో మూడు గళ్లు ఉంటాయి: మొదటి గడిలో బయలుదేరిన చోటు నుంచి మొత్తం దూరం, కిందటి మలుపు నుంచి దూరం, రెండో గడిలో కూడలి బొమ్మ, మూడో గడిలో వివరణ. ఆ బొమ్మను నెదర్లాండ్స్‌లోని ట్యులిప్ ర్యాలీ పేరు మీద ట్యులిప్ అంటారు. చుక్క ఉన్న కొస మనం వచ్చే వైపు, బాణం ఉన్న కొస మనం పోవలసిన వైపు, మిగిలిన గీతలు మనం పట్టకూడని దారులు. ప్రమాదం తీవ్రతను బట్టి ఒకటి, రెండు, మూడు ఆశ్చర్యార్థకాలు వేస్తారు. బాట తెలియని బయళ్లలో దిక్సూచి డిగ్రీలు కూడా ఇస్తారు.

ఈ పద్ధతిలోని సొగసు చదివేటప్పుడు గాని తెలియదు. గుంతల బాట మీద మోటార్‌సైకిల్ నడిపే మనిషి పటాన్ని పరిశీలిస్తూ కూర్చోలేడు. ఒక్క క్షణం చూపు దించి, బాణం ఎటు ఉందో చూసి, తిరిగి ముందుకు చూడాలి. ట్యులిప్ బొమ్మ ఆ ఒక్క క్షణానికి సరిపోతుంది. ఏ దారులు పట్టకూడదో కూడా చెబుతుంది కనుక, కూడలిలో నిలబడి సందేహపడే మనిషికి అది ట్రాక్ కన్నా స్పష్టమైన జవాబు ఇస్తుంది.

అయితే దీని ప్రాణం దూరంలో ఉంది. ఓడోమీటరులో నూటికి ఒక వంతు తేడా ఉంటే 80 కిలోమీటర్ల దగ్గర ఆ తేడా 800 మీటర్లవుతుంది, అంతలో రెండు కూడళ్లు దాటిపోవచ్చు. అందుకే తెలిసిన గుర్తు దగ్గర దూరాన్ని సరిదిద్దుకునే ఏర్పాటు ఉండాలి. డిజిటల్ రోడ్‌బుక్ కాగితం కన్నా మెరుగు అనిపించుకునేది ఇక్కడే: జీపీఎస్ స్థానాన్ని బట్టి దూరాన్ని తానే లెక్కగడుతుంది, యాప్‌ను బట్టి వరుసను కూడా తానే జరుపుతుంది. కాని టీ కోసం ఆగినప్పుడు స్థానం అటూఇటూ ఊగడం వల్ల కదలకుండానే దూరం పెరుగుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆగినప్పుడల్లా లెక్కను నిలిపివేయాలి.

దీనికి చెల్లించవలసిన మూల్యం శ్రమ. 60 కిలోమీటర్ల మట్టిబాటకు సరైన ట్యులిప్ పట్టిక రాయాలంటే దారంతా ఒకసారి నెమ్మదిగా తిరిగి, ప్రతి కూడలి దగ్గర ఆగి, ఇంటికి వచ్చి కూర్చొని బొమ్మలు గీయాలి. ఆ తర్వాత దారి తెలియని మిత్రుణ్ణి పంపించి అతను ఎక్కడ తడబడ్డాడో చూడాలి. పదిమంది మోటార్‌సైక్లిస్టుల బృందాన్ని నడిపేవారికి, ఏటా అదే దారిలో యాత్ర జరిపేవారికి ఇది చేయదగిన శ్రమ. ఇంటిల్లిపాదీ కారులో లేపాక్షి వెళ్లి రావడానికి మాత్రం అవసరం లేదు. వాళ్లకు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరగాలి, అక్కడి నుంచి సుమారు 16 కిలోమీటర్లు అన్న ఒక్క వాక్యమే రోడ్‌బుక్.

నేను సిఫారసు చేసే మధ్యేమార్గం

గీతను వెన్నెముకగా ఉంచుకొని, మనిషి తడబడే చోట్ల మాత్రమే వేపాయింట్లు గుచ్చడం ఈ పద్ధతి. ప్రతి మలుపుకూ గుర్తు పెట్టడం ఎంతమాత్రం మంచిది కాదు. పదిసార్లు అనవసరంగా కూసిన పరికరాన్ని పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. రోడ్డే తనంతట తాను వంపు తిరిగితే గుర్తు అక్కరలేదు. తప్పు దారి ఒప్పు దారి కన్నా వెడల్పుగా, బాగా కనిపించే చోట మాత్రం గుర్తు తప్పనిసరి.

పైన చెప్పిన చెరువు దగ్గర ఇప్పుడు నా ఫైలులో మూడు గుర్తులు ఉన్నాయి. మొదటిది చెరువుకు 150 మీటర్ల ముందు (మొదటి అంకె బయలుదేరిన చోటు నుంచి కిలోమీటర్లు): “41.8. ఎదురుగా వెడల్పాటి బండిబాట చెరువులోకి దిగుతుంది, వద్దు. ఎడమవైపు చింతచెట్టు వెనక సన్నబాట పట్టండి.” రెండోది కట్ట మొదట్లో: “42.0. కట్ట ఎక్కి కుడికి. కంకర వదులుగా ఉంది, సైకిలు దిగి నడిపించండి.” మూడోది అలుగు దగ్గర: “42.9. అలుగు పారుతుంటే దాటవద్దు, కట్ట వెనకవైపు మెట్లు ఉన్నాయి.” ఈ మూడు ముక్కల్లో ఉన్న సమాచారం ఏ పటంలోనూ లేదు, ఏ గీతా చెప్పలేదు. గుర్తును కూడలి నడిమధ్యలో పెట్టకుండా సైకిలుకైతే 50, మోటార్‌సైకిలుకైతే 150 మీటర్ల ముందు పెట్టాలన్నది కూడా అనుభవం మీద తేలిన విషయం. హెచ్చరిక చెవిన పడి, బ్రేకు నొక్కి, చుట్టూ చూసుకునేసరికి ఆ దూరం గడిచిపోతుంది.

తయారుచేసే సాధనాలు

సైక్లిస్టులకు రైడ్ విత్ జీపీఎస్ అనుకూలమైనది, ఎందుకంటే దాని రూపకల్పన అంతా క్యూ షీట్, అంటే మలుపుల పట్టిక, చుట్టూ జరిగింది. గీత గీయగానే మలుపుల పట్టిక తయారవుతుంది, తెలుగులో మన మాట చేర్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కొన్ని సౌకర్యాలకు చందా కట్టాలి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించవలసిన బ్రెవేలనే దూర సైకిల్ యాత్రలకు వెళ్లేవారికి క్యూ షీట్ పాత నేస్తమే. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఫైలును జీపీఎక్స్ ట్రాక్‌గా దించుకుంటే మలుపుల మాటలు సాధారణంగా దానితో రావు, టీసీఎక్స్ గాని ఫిట్ గాని అనే ఫైలు రకాన్ని ఎంచుకోవాలి. టీసీఎక్స్‌లో ఒక్కో మలుపు పేరుకు 10 అక్షరాలకే చోటు ఉంటుంది కనుక ముఖ్యమైన మాట మొదటే రావాలి. తెలుగు ఫాంటు లేని చిన్న పరికరాల్లో మన అక్షరాలు ఖాళీ గళ్లుగా కనిపిస్తాయి కాబట్టి, ఇంట్లోనే ఒకసారి తెరిచి చూసుకోవాలి.

కాలినడకకు, కొండలకు నా ఓటు ఓస్మ్‌అండ్‌కు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఈ యాప్ పటాలను రాష్ట్రాల వారీగా ఫోన్‌లోకి దించుకోనిస్తుంది, ట్రాక్ వెంట దారి చెబుతుంది, వేపాయింట్లు దగ్గరపడినప్పుడు ప్రకటిస్తుంది, నడుస్తుండగా ఫొటో, మాటల రికార్డు స్థానంతో సహా దాచుకోనిస్తుంది. సెట్టింగులు ఎక్కువ కావడం వల్ల మొదటి వారం చికాకు పెడుతుంది, ఓపిక పట్టాలి. బెంగళూరు నుంచి లేపాక్షికో, హార్స్‌లీ కొండలకో వెళ్లేవారు కర్ణాటక పటంతోపాటు ఆంధ్రప్రదేశ్ పటాన్ని కూడా దించుకోవాలి; లేకపోతే సరిహద్దు దాటగానే రోడ్ల వివరాలు ఆగిపోతాయి. ఆర్గానిక్ మ్యాప్స్ దీనికన్నా చాలా సరళమైనది, గీతను చూపిస్తే చాలుననుకునేవారికి సరిపోతుంది.

పూర్తి ట్యులిప్ పట్టిక కావాలంటే ర్యాలీ నేవిగేటర్ వంటి ప్రత్యేక సాధనానికి వెళ్లడమే మేలు. పటం మీద దారి గుర్తిస్తూ పోతే బొమ్మల గళ్లు తయారవుతాయి, కాగితానికీ తెరకూ రెండింటికీ పనికొస్తాయి. ట్రాక్‌నూ పట్టికనూ కలిపి కంప్యూటరు మీద శ్రద్ధగా దిద్దుకోవాలనుకునేవారికి ట్వోనావ్ సంస్థ ల్యాండ్ సాఫ్ట్‌వేర్ ఉంది, గీత మీద గుర్తులను గుచ్చి దానినే రోడ్‌బుక్‌గా మార్చవచ్చు.

వీటిలో దేనినైనా ఎత్తుల విషయంలో కొంచెం తగ్గించి నమ్మాలి. చాలా పటాల ఎత్తుల వివరాలకు ఆధారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి జరిగిన రాడార్ సర్వే. సుమారు 30 మీటర్ల గడికి ఒక అంకె ఉంటుంది. సావనదుర్గ వంటి నిటారు గ్రానైట్ బండ అంచు ఆ గడిలో మెత్తబడిపోతుంది, అందుకే ఒకే దారికి రెండు యాప్‌లు రెండు రకాల ఎక్కుడు లెక్కలు చెబుతాయి.

ఏ పరికరం మీద చూడాలి

ఇప్పటికే చేతిలో ఉన్న ఫోనుతో మొదలుపెట్టండి. జీపీఎస్ సంకేతాలను ఫోను స్వీకరిస్తుందే తప్ప పంపదు కనుక, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా స్థానం తెలుస్తుంది, బ్యాటరీ ఎంతో మిగులుతుంది. తెరను ఆర్పి, గుర్తు దగ్గరపడినప్పుడు మాట వినిపించేలా అమర్చుకుంటే రోజంతా నడుస్తుంది. ఫోనుకు ఎండ, వాన, కుదుపు మూడూ శత్రువులు. మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు బిగించిన ఐఫోన్ కెమెరా ఇంజిన్ కంపనాల వల్ల దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. అందువల్ల మోటార్‌సైకిలుకు ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోనును కేటాయించడం నాకు తెలిసిన అత్యుత్తమ పరిష్కారం, ఖర్చు కూడా లేదు.

వారం వారం సైకిలు తొక్కేవారు సైకిల్ కంప్యూటరు కొనుక్కోవచ్చు. రెండు మూడు రోజుల నడకలకు వెళ్లేవారికి మీటలున్న హ్యాండ్‌హెల్డ్, అంటే చేతిలో పట్టుకునే, జీపీఎస్ పరికరం బాగుంటుంది. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు ఏఏ సెల్స్‌తో 25 గంటల వరకు పనిచేస్తుందని తయారీదారులు చెబుతారు, ఆ సెల్స్ ఏ పల్లె కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత ఇలాంటివి తెప్పించుకునేవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి: ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను మన దేశంలో అనుమతి లేకుండా వాడడం నేరం. స్థానాన్ని మాత్రమే చూపే మామూలు జీపీఎస్ పరికరం వేరు, అది వేరు. పెట్టె మీద పేర్లు ఒకేలా ఉంటాయి కనుక కొనేముందే చూసుకోవాలి.

ఏది ఎంచుకున్నా జేబులో ఒక కాగితం మీద పది ముఖ్యమైన మలుపులు రాసి ఉంచుకోండి. నేను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటాను.

ఫైలును పంచుకునే ముందు

రోడ్‌బుక్ ఇతరుల చేతికి ఇచ్చేటప్పుడు అక్షాంశ రేఖాంశాలను ఒకే పద్ధతిలో, దశాంశ డిగ్రీలలో, ఐదు అంకెల వరకు ఇవ్వాలి. ఐదో అంకె సుమారు ఒక మీటరు దాకా చెబుతుంది. బెంగళూరు దగ్గరి నంది హిల్స్ అక్షాంశం 13.37 డిగ్రీలు. దాన్ని ఎవరైనా 13 డిగ్రీల 37 నిమిషాలుగా చదివితే గుర్తు ఉత్తరానికి 27 కిలోమీటర్లు జరిగి దాదాపు గుడిబండ దరిదాపుల్లో పడుతుంది. ట్రాక్‌లోని సమయాలు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనం ఉదయం 7 గంటలకు బయలుదేరితే ఫైలులో 1:30 అని కనిపిస్తుంది. గేటు తెరిచే వేళల వంటివి వివరణలో మన సమయంలోనే రాయాలి. ఇల్లు ఎక్కడో అందరికీ తెలియకుండా గీత మొదట్లో, చివర్లో అర కిలోమీటరు కత్తిరించడం కూడా మరవకూడదు.

అనుమతుల సంగతి మొదటి గుర్తులోనే రాయాలి. స్కందగిరి వంటి కొండలకు అటవీశాఖ అనుమతిని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం లోపలి బాటలు ఎవరి గీతలోనో కనిపించినంత మాత్రాన మనం అక్కడ నడవడానికి వీల్లేదు. నా ఫైళ్లలో మొదటి వేపాయింటు బయలుదేరే చోట ఉంటుంది, అందులో నాలుగు సంగతులు ఉంటాయి: దారిని ఏ నెలలో చూశాను, ఏ వాహనం మీద చూశాను, అనుమతి ఎక్కడ అడగాలి, నీళ్లు చివరిసారి ఎక్కడ దొరుకుతాయి.